గామా మసకబారిన నలభై రోజులు

నవంబర్ 9, ఆదివారం

ఈ రోజు నా అంకె 2.2.

నా రక్తపరీక్షల ల్యాబు రిజిస్టర్ వెనక మిగిలిపోయిన కాగితాలు కుట్టి ఈ పుస్తకం చేసుకున్నాను. ఇది ఎవరికీ చూపించేది కాదు. వినోద్ కంట పడితే నవ్వుతాడు. కింద ఫ్లెక్సీ షాపులో రోజంతా గిరాకీలతో నవ్వి, పైకొచ్చి నన్ను చూసి మళ్లీ మొదలుపెడతాడు. మొగుడు కదా, భరించాలి.

చుక్కలు చూసే మా గుంపులో అంకె వేసేది ఏడుగురం. పెట్టింది భాస్కర్ సార్, బోధన్‌లో ఫిజిక్స్ చెప్పి రిటైరయ్యారు. పద్ధతి ఒకటే. సాయంత్రం ఏడున్నరకు ఎవరి డాబా వాళ్లు ఎక్కాలి. ఉత్తరాన కాసియోపియా అని ఐదు చుక్కలు వంకరటింకరగా ఉంటాయి. అందులో నడిమిది గామా. పక్క చుక్కలతో పోల్చి దాని వెలుగుకు ఒక అంకె వేయాలి. ఎనిమిదికి అందరం ఒకేసారి ఫోన్‌లో పెట్టాలి, ఒకరిది చూసి ఒకరు రాయకుండా. పెట్టిన అంకె దిద్దకూడదు. అంకె పెరిగితే వెలుగు తగ్గినట్టు. ఈ లెక్క కనిపెట్టినవాడెవడో తలకిందులుగా వేలాడుతూ కనిపెట్టి ఉంటాడు.

మిగిలిన ఆరుగురూ 2.1 అన్నారు. ఇంత చిన్న తేడా అసలు తేడానే కాదు. అయినా మనసులో గుబులుగా ఉంది. మూడేళ్లలో నా అంకె ఎప్పుడూ గుంపులోంచి బయటికి పోలేదు.

పోదు కూడా. ఇరవై నాలుగేళ్లుగా ఈ కంటితో బతుకుతున్నదాన్ని. ఎడమ కన్ను మూసి, కుడి కన్ను మైక్రోస్కోపు గొట్టానికి ఆనించి ఎన్ని వేల స్లైడులు చూశానో. ఆ అలవాటు ఎంత ముదిరిందంటే బియ్యంలో రాయి ఏరినా, చీర అంచు చూసినా, చుక్కను చూసినా ఎడమ కన్ను దానంతటదే మూసుకుంటుంది. బాన్సువాడలో ఏ డాక్టరైనా "సంగీత చూసిందా? అయితే సరే" అంటాడు. తండాలో చెరకు కొట్టి పెరిగిన నాకు ఆ మాట చాలు.

నవంబర్ 12, బుధవారం

2.2.

బిచ్కుంద దారిలోని ఊరి నుంచి భాగ్యక్క చిన్నకోడలిని తీసుకొచ్చింది. పేరు సౌజన్య, ఇరవై రెండేళ్లు, ఐదో నెల. మూత్రం పరీక్ష చేయమంది. పట్టీ ముంచి ట్యూబ్‌లైటు వైపు ఎత్తి చూశాను. షుగర్ లేకపోతే పట్టీ మీది గడి లేత నీలంగా ఉంటుంది, ఉంటే ఆకుపచ్చకు తిరుగుతుంది. తిరిగింది. రిపోర్టులో ఒక ప్లస్ పెట్టాను. పట్టీల డబ్బా మీద రంగులు అచ్చేసి ఉంటాయి, పక్కన పెట్టి పోల్చుకోమని. అవి కొత్తగా నేర్చుకునేవాళ్లకు.

భాగ్యక్క ముఖంలో నెత్తురు లేదు. "షుగరా? మా పెద్దకోడలికి గిట్లనే షుగర్ ఉండె. ఎవలూ చూడకపోతిమి, ఎనిమిదో నెలల పిల్ల కడుపులనే పోయింది. ఇగ దీన్ని నేను ఇడిచిపెట్ట సంగీతా."

"ఒక్క ప్లస్‌కే ఫికర్ చెయ్యకక్కా. రేపు పరగడుపున తీసుకురా, రక్తం చూస్త. అందాక అన్నం జర తగ్గియ్యి. డాక్టరమ్మకు చూపియ్యి."

రక్తం మాట వినగానే ఆ పిల్ల కుర్చీలో వెనక్కి జరిగింది. "సూదంటే నాకు కండ్లు తిరుగుతయక్కా" అంది. నవ్వాను.

నవంబర్ 13

రాలేదు. వరికోతలు కదా. నేను చెప్పాల్సింది చెప్పాను.

నవంబర్ 15, శనివారం

2.3. మిగిలినవాళ్లు 2.1, ఒకరు 2.2.

పొగ. పొలాల్లో కొయ్యకాళ్లు కాలుస్తున్నారు. డాబా మీద నిలబడితే గొంతు మండుతోంది. ఈ పొగలో చుక్కలు కనబడటమే గొప్ప. రేపు చూద్దాం.

నవంబర్ 16

2.3. పొగ.

నవంబర్ 17

పొగ లేదు. 2.3.

నవంబర్ 19, బుధవారం

వినోద్ పెళ్లి ఫ్లెక్సీ ఒకటి ప్రింట్ తీసి నా ముందు పట్టుకున్నాడు. "అక్షరాలు సరిగ్గ ఉన్నయా సూడు" అన్నాడు. దగ్గరికి తీసుకుని పరీక్షగా చూశాను. అక్షరాలు బాగానే ఉన్నాయి, కానీ వెనక ఆకుపచ్చ రంగు మురికిగా ఉంది, పెళ్లికి ఇదేం రంగు అన్నాను.

"ఆకుపచ్చ ఏందే? నీలం గది. నెమలిపింఛం నీలం."

"ఎక్కడి నీలం? నీ మిషన్‌ల ఇంకు అయిపోయినట్టుంది."

ఇద్దరం అరగంట కొట్లాడుకున్నాం. చివరికి అతను షాపు ముందు నుంచి పోతున్న కండక్టర్ ఏసయ్యను పిలిచి అడిగాడు. ఏసయ్య నీలం అన్నాడు. ఏసయ్య వినోద్ దోస్తు. దోస్తులు అలాగే చెబుతారు.

నాకెందుకు అంత కోపం వచ్చిందో తెలియదు. రాత్రి అన్నం పెట్టేటప్పుడు గిన్నె కొంచెం గట్టిగానే పెట్టాను.

నవంబర్ 22, శనివారం

2.4.

ఎనిమిదీ ఐదుకు భాస్కర్ సార్ ఫోన్.

"సంగీతా, నీ అంకె రెండు వారాల నుంచి పెరుగుతనే ఉన్నది. మిగతావాళ్లది కదలలేదు."

"నేను చూసిందే రాసిన సార్."

"అట్లనే రాయాలె. గుంపుల ఒక కన్ను వేరే చెప్తే దాన్ని తీసి పారేయొద్దు. ఏమో, అందరికన్నా ముందు నీకే కనిపిస్తుందేమో."

గామా సంగతి ఆయన చెప్పడం మొదలుపెడితే ఆపరు. సూర్యుడి కన్నా ఎన్నో రెట్లు పెద్ద చుక్క. అంత శరీరంతో ఎంత జోరుగా గిర్రున తిరుగుతుందంటే దాని నడుము దగ్గరి వాయువు ఆగలేక బయటికి వచ్చేస్తుంది. వచ్చింది ఎటూ పోకుండా చుట్టూ పళ్లెంలా పరుచుకుని తిరుగుతుంది. ఇసుర్రాయి తిప్పుతుంటే చుట్టూ పిండి పడుతుంది చూడు, అలాగట. ఆ పళ్లెం నిండితే చుక్క వెలుగుతుంది. చెదిరిపోతే మసకబారుతుంది. 1937లో ఒక్కసారిగా బాగా వెలిగి, మూడేళ్లు తిరగకముందే మసకబారిపోయిందట. మళ్లీ ఎప్పుడు ఏం చేస్తుందో ఎవరికీ తెలియదు. తెలియదు కాబట్టే మా ఏడుగురం డాబాలెక్కుతున్నాం.

అంటే పళ్లెం చెదిరిపోతోంది. బాన్సువాడలో, ఫ్లెక్సీ షాపు మీద డాబా నుంచి, నేను ముందుగా చూశాను. సంతోషంతో అన్నం సహించలేదు.

నవంబర్ 23

2.4. నాకే కనిపిస్తోంది.

నవంబర్ 27, గురువారం

భాగ్యక్క ఫోన్ చేసింది. ఊరి నర్సమ్మ వచ్చి సౌజన్యను తూకం వేస్తే కిలోన్నర తగ్గిందట. "ఎందుకు తగ్గింది, దవాఖానకు తీస్కపోండ్రి అని లొల్లి చేసింది. నేనే చెప్పిన, షుగర్ ఉన్నది, అన్నం బంద్ పెట్టినం, అందుకే తగ్గిందని. మంచిదే గదా సంగీతా, షుగర్ దిగుతున్నట్టే గదా?"

"అన్నం మొత్తం బంద్ పెట్టిన్రా? నేను తగ్గియ్యమన్న గంతే."

"తగ్గిస్తే ఆగుతదా బిడ్డా? పొద్దున ఒక జొన్నరొట్టె, రాత్రి ఒక రొట్టె, కాకరకాయ. పండ్లు గిట్ల ముట్టనిస్తలేను. నా పెద్ద మనవరాలు పోయినట్టు ఇది పోవద్దు."

రక్తపరీక్షకు తీసుకురమ్మన్నాను. ఒడ్లు రోడ్డు మీద ఆరబోసి ఉన్నాయి, వదిలి రాలేమంది. మళ్లీ ఒకసారి మూత్రమైనా చూద్దాం, రమ్మన్నాను. సరేనంది.

నా తప్పేమీ లేదు. ప్లస్ ఉంటే ప్లస్ అనే రాయాలి కదా.

నవంబర్ 30

2.4. గుంపులో ఎవరో నవ్వుతున్న బొమ్మ పెట్టారు. దిలీప్ అని పిట్లం పిల్లాడు, డిగ్రీ చదువుతున్నాడు. "ఆంటీకి మబ్బు అడ్డం వచ్చిందేమో" అని రాశాడు. మా మీద ఒక్క మబ్బు లేదు.

కన్నే మసకైతే అన్ని చుక్కలూ మసకగా కనబడాలి కదా? నేను పోల్చేది పక్కనున్న షెడార్ అనే చుక్కతో. నారింజ రంగుది. అది ఎప్పటిలా నిగనిగలాడుతోంది. ఒకప్పుడు గామా దాన్ని మించి ఉండేది, ఇప్పుడు దానికన్నా తగ్గింది. రెండింటినీ చూసేది ఒకే కన్ను. కాబట్టి లోపం కంటిలో లేదు. గామాలో ఉంది. ఇందులో తప్పెక్కడుందో ఎవరైనా చూపించండి.

డిసెంబర్ 3, బుధవారం

సౌజన్య వచ్చింది, అత్తతో. గాజులు మోచేతి దాకా జారుతున్నాయి. కడుపు మాత్రం కొంచెం ముందుకొచ్చింది, మిగతా పిల్ల అంతా వెనక్కి పోయింది.

పట్టీ ముంచాను. ఎత్తి చూశాను. ఆకుపచ్చ. పోయినసారి కన్నా ముదురుగానే ఉంది. ప్లస్ ఒకటి పెట్టాలా, రెండా అని ఆలోచించి ఒకటే పెట్టాను, పిల్లను చూసి జాలేసి.

"ఇంత చేసినా దిగలేదా?" అంది భాగ్యక్క. కళ్లలో నీళ్లు. కోడలి వైపు తిరిగి, "దొంగతనంగ ఏమన్న తింటున్నవా?" అని అడిగింది.

"లేదత్తమ్మా, ఒట్టు."

"మరెట్ల? రాత్రి రొట్టె గూడ బంద్ పెడుదాం. సల్ల తాగు."

"రక్తం తియ్యనీ అక్కా" అన్నాను. "తిని వచ్చినం గదా, రేపు పరగడుపున వస్తం" అంది. ఎదురుగా పది మంది కూర్చుని ఉన్నారు. సరే అన్నాను.

ఆ పిల్ల మెట్లు దిగుతూ గోడ పట్టుకుంది. నేను చూశాను. చూసి తర్వాతి పేరు పిలిచాను.

డిసెంబర్ 4

పున్నమి. వెన్నెల్లో అంకె సరిగ్గా రాదు. పంపలేదు.

పరగడుపున ఎవరూ రాలేదు.

డిసెంబర్ 7, ఆదివారం

2.5. మిగతావాళ్లు 2.1, 2.1, 2.2, 2.1, 2.2, 2.1.

భాస్కర్ సార్ ఫోన్ చేశారు. ఈసారి గొంతులో ఆ హుషారు లేదు.

"సంగీతా, నీ వయసెంత?"

"నలభై ఎనిమిది. ఎందుకు సార్?"

"గీ వయసుకు తొందరనే. అయినా అడుగుత. చుక్కను ఏ కన్నుతో చూస్తవ్?"

కోపం నెత్తికెక్కింది. ఏ కన్నుతో చూస్తే ఆయనకేంటి? కుడి కన్నుతో అన్నాను.

"రేపు ఎడమ కన్నుతో చూడు. షెడార్ నారింజది. గామా నీలం. కంట్ల పసుపు దిగితే ముందు నీలమే మాయమైతది అమ్మా, నారింజకేం కాదు. నాకట్లనే అయింది. తొమ్మిదేండ్ల కింద గామా మసకబారుతుందని నేను గూడ ఊరంత చెప్పుకున్న. చివరికి చూస్తే నా కంటి పొర. ఆ సిగ్గుకే నేను అంకె వేసుడు మానేసి మిమ్మల్ని పోగేసిన."

నా కన్ను అలాంటిది కాదు సార్ అన్నాను. ఇరవై నాలుగేళ్లుగా బాన్సువాడ మొత్తం నా కంటి మీద నడుస్తోంది అన్నాను. ఇంకా ఏవేవో అన్నాను. పెద్దాయన "చూడమ్మా, ఒక్కసారి" అని పెట్టేశారు.

డిసెంబర్ 8

గుంపులోంచి బయటికి వచ్చేశాను.

డిసెంబర్ 9

ఎడమ కన్నుతో చూడను. ఎందుకు చూడాలి? ఆ కన్నుకు అలవాటు లేదు.

డిసెంబర్ 10

ల్యాబులో ఈ రోజు ముప్పై మంది. మూత్రం పరీక్షలు తొమ్మిది. అన్నీ బాగానే వచ్చాయి. ఒకరికి మాత్రం ప్లస్. ఒకరికి అనుమానం. ఇద్దరికి.

డిసెంబర్ 13, శనివారం

పొద్దున ఆరింటికి, ఎవరూ రాకముందు, ల్యాబు తలుపు లోపలి నుంచి గడియ పెట్టాను. గ్లాసులో నల్లా నీళ్లు పట్టాను. అందులో షుగర్ ఉండదు, ఎవరికీ తెలియనిది కాదు. పట్టీ ముంచాను. ఎత్తి పట్టుకున్నాను. ఎడమ కన్ను ఎప్పటిలా మూసుకుంది.

ఆకుపచ్చ. ఒక ప్లస్.

నల్లా నీళ్లకు షుగర్ వ్యాధి వచ్చిందా? పట్టీ పాతదేమో అనుకున్నాను. కొత్త డబ్బా తెరిచాను. ఆకుపచ్చ.

కుడి కన్ను మూసి ఎడమ కన్ను తెరిచాను. ఎంత బలవంతంగా తెరవాల్సి వచ్చిందో! ఆ కన్ను నీళ్లు కారుస్తూ తెరుచుకుంది. గడి నీలంగా ఉంది. లేత నీలం. శుభ్రంగా ఉతికిన పిల్లల చొక్కా రంగు. మళ్లీ కుడి, ఆకుపచ్చ. ఎడమ, నీలం. గోడ వైపు చూశాను. నేను వేయించిన సున్నం ఎడమ కంటికి తెల్లగా, కుడి కంటికి పాత కాగితంలా ఉంది. ఇన్ని రోజులు సున్నం మాసిందనుకుని పెయింటర్‌ను తిట్టుకుంటున్నాను.

నాకు భయం వేసింది. నా కంటి గురించి అని రాస్తే అబద్ధం, ముందు నా ల్యాబు గురించి, నా పేరు గురించి. ఆ తర్వాత మెట్ల దగ్గర గోడ పట్టుకున్న పిల్ల గుర్తొచ్చింది. వేలు మీద చిన్న పోటు పొడిస్తే చాలు, నిమిషంలో షుగర్ చెప్పే మిషన్ నా బల్ల సొరుగులోనే ఉంది. తిని వచ్చినా పరవాలేదు, ఎంతో కొంత తెలిసేది. రెండుసార్లు వచ్చింది, రెండుసార్లూ తీయలేదు. నా కన్ను చెప్పిన తర్వాత మిషన్ ఎందుకు అనుకున్నాను.

సాయంత్రం ఏడున్నర

డాబా ఎక్కాను. ఎడమ కన్నుతో చూశాను. గామా షెడార్‌ను మించి వెలుగుతోంది. 2.1. దానికేమీ కాలేదు. పళ్లెం చెదరలేదు. ఆరుగురు చెప్పినట్టే ఉంది. అంత అందంగా ఉన్న దాన్ని చూస్తే నాకు ఏడుపు వచ్చింది. మసకబారి ఉంటే బాగుండు అని ఇప్పటికీ అనిపిస్తోంది, సిగ్గులేకుండా రాస్తున్నాను.

డిసెంబర్ 14

జ్వరం అని చెప్పి ల్యాబు తెరవలేదు. జ్వరం లేదు.

డిసెంబర్ 15, సోమవారం

వినోద్‌కు చెప్పాను. నవ్వుతాడనుకున్నాను. నవ్వలేదు. షాపు మూసి, నిజామాబాద్ కంటి డాక్టరు దగ్గరికి తీసుకెళ్లాడు. ఎలక్షన్ ఫ్లెక్సీలకు నెత్తి మీద గిరాకీ ఉన్న రోజు అది.

కుడి కంటి లెన్సు పసుపెక్కి ముదురుతోందట. "చిన్నప్పుడు కంటికి దెబ్బ తగిలిందా?" అని అడిగింది డాక్టరమ్మ. లేదన్నాను. బస్సులో వస్తుంటే గుర్తొచ్చింది. తొమ్మిదేళ్లప్పుడు మహమ్మద్ నగర్ దగ్గర చెరకు తోటలో ఆకు కోసుకుంది, అదే కన్ను. మా యాడి, అంటే అమ్మ, పసుపు నీళ్లతో కడిగి మళ్లీ పనిలోకి పంపింది. ఆపరేషన్ జనవరిలో. మంచిగవుతుందన్నారు.

బస్సు బోధన్ దాటాక వినోద్ మెల్లగా అన్నాడు. "ఆపరేషన్ అయ్యేదాక మూత్రం టెస్టులు మానుకో. ఎవలకు ఏం చెప్పొద్దు. ఎవలకు తెలుస్తది?"

"సౌజన్య?"

"ఫోన్ చేసి పట్టీలు ఖరాబైనయని చెప్పు. మళ్ల టెస్టు చేస్తమను. కంపెనీ మీదికి పోతది."

నా మనసులో ఉన్నదే అతను అన్నాడు. అందుకే ఊ అన్నాను. చెప్పాల్సిన మాట ఇక్కడ రాసి పెట్టుకుంటున్నాను, రేపు తడబడకుండా: అక్కా, ఆ డబ్బాలో పట్టీలు పాతబడ్డాయి, డబ్బులు తీసుకోకుండా మళ్లీ చేస్తాను, ఒక్కసారి రండి. ఇందులో అబద్ధం పెద్దగా లేదు.

డిసెంబర్ 16, మంగళవారం

ఫోన్ చేశాను. రాసుకున్నది రాసుకున్నట్టు చెప్పాను.

భాగ్యక్క నవ్వింది. నాకు ధైర్యం చెబుతున్నట్టు నవ్వింది. "పట్టీ ఖరాబైతే ఏంది బిడ్డా, నీ కన్ను ఖరాబయితదా? నువ్వు సూసినవంటే సూసినట్టే. రేపు ఓట్లు. ఓట్లయినంక ఒడ్లు కాంటా కావాలె. అయినంక తీరుబాటుగ వస్తం."

"ఆ పిల్ల ఎట్లున్నది?"

"మంచం మీదనే ఉంటున్నది. జర నీరసం. కానీ మాట వింటున్నది, ఒక్క మెతుకు ముడుతలేదు."

ఫోన్ పెట్టేశాను. ఇంత నమ్మకాన్ని ఏం చేసుకోవాలి? తిట్టినా బాగుండేది.

డిసెంబర్ 17

ఓటు వేసి వచ్చాను. వేలి మీది సిరా కుడి కంటికి నల్లగా, ఎడమ కంటికి ఊదాగా ఉంది. షుగర్ మిషన్‌కు కొత్త బ్యాటరీ వేసి సంచిలో పెట్టుకున్నాను. వినోద్ చూశాడు. "అబద్ధం చెప్పుడు నీకు రాదు, నాకు తెల్వదా" అన్నాడు. పొద్దున మొదటి బస్సు ఎన్నింటికో ఏసయ్యను కనుక్కుని చెప్పాడు.

డిసెంబర్ 18, గురువారం

పొద్దున ఏడు కాకముందే భాగ్యక్క వాకిట్లో ఉన్నాను. ఆమె పొయ్యి ముందు కూర్చుని జొన్నరొట్టె తడుతోంది. నన్ను చూసి లేవబోయింది. కూర్చో అక్కా అని నేనూ నేల మీద కూర్చున్నాను.

బస్సులో ఎన్నో రకాలుగా అనుకున్నాను. చివరికి ఒక్కటే వచ్చింది. "అక్కా, పట్టీలు ఖరాబు కాలే. నా కన్ను ఖరాబైంది. కుడి కంట్ల పొర వచ్చింది, నీలం నాకు పచ్చగ కనిపిస్తుంది. నల్లా నీళ్లకు గూడ షుగర్ ఉన్నదని చెప్పే కన్ను ఇది. నీ కోడలికి షుగర్ ఉన్నదో లేదో నాకు తెల్వదు. తెల్వకుండనే రెండుసార్లు రాసి ఇచ్చిన."

ఆమె రొట్టె తట్టడం ఆపలేదు. అది అంచు విరిగే దాకా తట్టింది.

సౌజన్యను లేపుకొచ్చారు. భర్త అఖిలేశ్ భుజం పట్టుకుని నడిపించాడు. పరగడుపునే ఉంది. వేలు ఇమ్మన్నాను. ఆ పిల్ల కళ్లు గట్టిగా మూసుకుని వేలు ఇచ్చింది. పొడిచాను. మిషన్ మీద అంకె వచ్చింది. నేను చదవగలను, అంకెలకు రంగుతో పని లేదు. కానీ నేను చదవదలచుకోలేదు.

"నువ్వే చదువు తల్లీ" అన్నాను.

కళ్లు తెరిచి చూసింది. "డెబ్బై రెండు."

"తొంభై దాటకుంటే కడుపుతోటి ఉన్నోళ్లకు ఫికర్ లేదు. నీకు షుగర్ లేదు. అయినా ఇయ్యాల దవాఖానకు పోదాం, నేను గూడ వస్త. డాక్టరమ్మ మొత్తం సూడాలె, కడుపుల బిడ్డను గూడ."

అఖిలేశ్ నన్ను తిడతాడని చూస్తున్నాను. అప్పుడు ఆ పిల్ల నా చెయ్యి పట్టుకుంది.

"అయితే అన్నం తినొచ్చా అక్కా?"

నేను తల ఊపాను. సౌజన్య అత్త వైపు తిరిగి, ఆమె కూడా సరే అంటుందో లేదో అని చూస్తోంది.

భాగ్యక్క చేతులు కడుక్కుని లోపలికి పోయింది. రాత్రి మిగిలిన అన్నంలో పెరుగు కలిపి, ఉల్లిగడ్డ నంజుకోను పెట్టి తెచ్చింది. ఆ పిల్ల గోడ వైపు తిరిగి తినడం మొదలుపెట్టింది. ఇంత తొందరగా తింటే కడుపు నొస్తుంది, మెల్లగా అన్నాను. వినలేదు.

ముప్పై ఆరు రోజులు. ఎదిగే బిడ్డను కడుపులో పెట్టుకుని, ఇంటి నిండా కొత్త ఒడ్లు ఉండగా, నా ఒక్క ప్లస్ గుర్తు కోసం.

"నేను గూడ ముట్టలే" అంది భాగ్యక్క. నాతో కాదు, పొయ్యితో అన్నట్టుగా. "దాని ముంగట నేనెట్ల తింట? ఇద్దరం రొట్టెనే." తర్వాత నా వైపు తిరిగింది. కోపంగా ఉంటుందనుకున్న ముఖం కోపంగా లేదు. అలసిపోయి ఉంది. "నువ్వు వచ్చి చెప్పినవ్, మంచిగ చేసినవ్. మరి ఇంకెంతమంది ఇండ్లల్ల గిట్ల అన్నం బంద్ అయ్యింది సంగీతా?"

దవాఖానలో స్కానింగ్ తీశారు. బిడ్డ గుండె బాగా కొట్టుకుంటోంది. బరువు తక్కువగా ఉంది, ఇంకా టైముంది, తింటే అందుకుంటుంది అన్నారు. పదిహేను రోజులకు మళ్లీ రమ్మన్నారు. అందుకుంటుందని నేను నమ్ముతున్నాను. నమ్మక ఏం చేయను?

సాయంత్రం

భాస్కర్ సార్‌కు ఫోన్ చేసి క్షమించమన్నాను. నేను పంపిన అంకెలన్నీ కొట్టేయమన్నాను. "కొట్టేసుడు లేదు. పక్కన కారణం రాస్తం" అన్నారు.

నా రిజిస్టర్ తీశాను. ఎప్పటి నుంచి మొదలైందో తెలియదు కాబట్టి ఆగస్టు నుంచి చూశాను. షుగర్ గడిలో నేను ప్లస్ పెట్టి, ఆ తర్వాత రక్తపరీక్షకు రానివాళ్లు ఇరవై మూడు మంది. అందులో కడుపుతో ఉన్నవాళ్లు తొమ్మిది మంది. ప్రతి పేరు పక్కన, ఎడమ కన్నుతో చూస్తూ, "నా కన్ను చెడిపోయింది, ఈ ఫలితం నమ్మవద్దు" అని రాశాను. వినోద్ మెట్ల మీద కూర్చుని ఫోన్ నంబర్లు వెతికిపెట్టాడు.

కడుపుతో ఉన్నవాళ్లలో మొదటి పేరు మంగ్లి. మా తండా పిల్లే, నా చిన్ననాటి దోస్తు బిడ్డ. సెప్టెంబర్‌లో వచ్చింది, అప్పుడు మూడో నెల.

చాలాసేపు మోగింది. ఎత్తింది. మా తండా భాషలోనే మాట్లాడాను.

"మంగ్లీ, నేను ల్యాబు సంగీతను. అన్నం తింటున్నావా?"

"లేదక్కా" అంది, నేను మెచ్చుకుంటానన్నట్టు. "నువ్వు చెప్పిన రోజు నుంచి ముట్టలేదు."